పోలీస్ వెరిఫికేషన్ సేవ: పాత కేసు ఉన్నవాళ్లకు వరంగల్ వైపు ఎట్లా పనిచేస్తోంది

సర్కారు కొలువుకు ఎంపికైనా, పాస్‌పోర్టుకు పెట్టుకున్నా, కువైట్‌కో కెనడాకో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ) కావాలన్నా, పెద్ద విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టరు కింద గేటు పాస్ తీసుకోవాలన్నా అందరూ దాటాల్సిన గడప ఒకటే. కాగితాల మీద దాని పేరు గుణగణాలు, పూర్వాపరాల విచారణ. జనం నోట పోలీస్ వెరిఫికేషన్, ఇంకా పొట్టిగా ఎస్‌బీ (స్పెషల్ బ్రాంచి) ఎంక్వైరీ.

కేసుల్లేని మనిషికి ఈ సేవతో పెద్ద ఇబ్బందేమీ లేదు. ఫోన్ వస్తుంది, కానిస్టేబుల్ వస్తాడు, ఇరుగుపొరుగులో ఇద్దరు సంతకం పెడతారు, పనైపోతుంది. ఈ రివ్యూ వాళ్ల కోసం కాదు. ఎప్పుడో ఒక కేసై, కోర్టుకెక్కి, జరిమానానో జైలుశిక్షో పడి, ఇప్పుడు ఉద్యోగం చేతికందే వేళ గుండె దడదడలాడుతున్నవాళ్ల కోసం. హన్మకొండ కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకు దొరికే సలహాల్లో సగం తప్పులే.

మా లెక్క ముందే చెప్తాం. పాస్‌పోర్టు వైపు సేవకు 5కు 4 ఇవ్వొచ్చు. రూలు రాతలో ఉంది, రుసుము తెలుసు, కాగితం సరిగ్గా పెడితే జవాబు వస్తుంది. కోర్టు నకళ్ల విభాగానికి 3. ఉద్యోగాల వెరిఫికేషన్‌కు 2 మించి ఇవ్వలేం. అక్కడ పోలీసు రిపోర్టు ఎట్లా రాశారో అభ్యర్థికి తెలియదు, తన పేరు మీద రికార్డులో ఏముందో ఫారం నింపే ముందు చూసుకునే సులువైన దారీ లేదు. కాబట్టి ఆ పని మీరే ముందు చేసుకోవాలి. ఎట్లా చేసుకోవాలో కింద వివరంగా రాశాం.

అటెస్టేషన్ ఫారం

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల అటెస్టేషన్ ఫారం పైభాగాన ఒక హెచ్చరిక ఉంటుంది. తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా అదే అనర్హత అవుతుందని దాని సారాంశం. ఆ కిందే ఇంకో వాక్యం ఉంటుంది, దాన్ని చాలామంది చదవరు. ఫారం ఇచ్చిన తర్వాత అరెస్టయినా, జరిమానా పడినా, చివరికి కేసు కొట్టివేసినా వెంటనే తెలపాలి, తెలపకపోతే దాచినట్టే లెక్క. ఫారం ఇచ్చి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసే నెలల్లో ఊళ్లో ఏదైనా గొడవలో పేరెక్కితే ఆ వాక్యం మీ మెడకు చుట్టుకుంటుంది.

అసలు ప్రశ్నలు 12వ నంబరు దగ్గర వరుసగా ఉంటాయి. మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా? మీ మీద ప్రాసిక్యూషన్ జరిగిందా? నిర్బంధంలో ఉంచారా? బైండోవర్ చేశారా? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? యూనివర్సిటీ గానీ సర్వీస్ కమిషన్ గానీ పరీక్షల నుంచి డిబార్ చేసిందా? ఈ ఫారం నింపే నాటికి ఏ కోర్టులోనైనా కేసు నడుస్తోందా? ఒక్కో దానికి అవును, కాదు అని విడివిడిగా రాయాలి. ఇక్కడ గమనించాల్సిన మాట ‘ఎప్పుడైనా’. ఐదేళ్లు, పదేళ్లు అని గీత లేదు. కేసు కొట్టేశారు కదా అని అరెస్టు ప్రశ్నకు ‘కాదు’ అని రాస్తే అది అబద్ధమే. కేసు పోయింది గానీ అరెస్టు జరిగింది.

బైండోవర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర గుడుంబా కేసుల్లో, ఊరి కొట్లాటల్లో, ఎన్నికల ముందు తహసీల్దార్ దగ్గరికి తీసుకెళ్లి బాండు రాయించడం మామూలు. అది శిక్ష కాదు. శాంతిభద్రతల బాండు అయితే గరిష్ఠంగా ఏడాది, అలవాటుగా నేరాలు చేస్తారన్న ఆరోపణ మీద రాయించిన మంచి నడవడిక బాండు అయితే మూడేళ్ల దాకా ఉంటుంది. కానీ ఫారంలో దాని కోసం విడిగా ప్రశ్న ఉంది. ‘కేసు కాలేదు, సంతకం పెట్టించి పంపిచ్చిన్రు అంతే’ అనుకొని ‘కాదు’ అని రాసిన చోటే చిక్కు మొదలవుతుంది.

రాష్ట్ర పోలీసు నియామకాల ఫారంలోనూ ఇదే ధోరణి. మాటలు కొంచెం మారతాయి, అడిగేది అదే.

‘ఫైన్ కట్టి బయటపడ్డాం’ అన్నది ఎక్కడ దెబ్బ కొడుతుంది

మాకు తెలిసినంతలో ఎక్కువమంది జారిపడే మెట్టు ఇదే. హత్యాయత్నం లాంటి పెద్ద కేసున్నవాడికి తన పరిస్థితి తెలుసు, వకీలును పెట్టుకుంటాడు. చిన్న కేసువాడే తనకేమీ లేదనుకుంటాడు.

దీపావళికి పేకాటలో దొరికాడనుకోండి. తెలంగాణ గేమింగ్ చట్టం, 1974 కింద కేసు. పోలీసులు ఓ రోజు కోర్టుకు రమ్మంటారు, మేజిస్ట్రేట్ అడిగితే ఒప్పుకుంటాడు, జరిమానా కట్టి ఇంటికొస్తాడు. వాడి దృష్టిలో అది చలానా. చట్టం దృష్టిలో నేరం ఒప్పుకోలు మీద పడిన శిక్ష, అంటే కన్విక్షన్. అటెస్టేషన్ ఫారంలో ‘జరిమానా’, ‘శిక్ష’ అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ‘అవును’. పైగా ఒప్పుకొని శిక్ష వేయించుకున్నాక నేరం చేయలేదని అప్పీలుకు పోయే దారి దాదాపు మూసుకుపోతుంది. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే వాదించుకోవాలి.

తాగి బండి నడిపిన కేసూ ఇంతే. హెల్మెట్ లేదని ఫొటో తీసి పంపిన ఈ-చలానాను ఫోన్లో కట్టేస్తే అది రాజీ రుసుము, కోర్టు దాకా పోదు, కన్విక్షన్ కాదు. డ్రంకెన్ డ్రైవ్ అట్లా కాదు. మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షన్‌ను అక్కడికక్కడ రుసుము కట్టి రాజీ చేసుకునే జాబితాలో పెట్టలేదు, కోర్టుకు పోవాల్సిందే. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే 6 నెలల దాకా జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే 2 ఏళ్లు, 15 వేలు. కాజీపేట చౌరస్తాలో దొరికి కోర్టులో ఒప్పుకున్న డిగ్రీ కుర్రాడు నాలుగేళ్ల తర్వాత కానిస్టేబుల్ సెలక్షన్‌లో ఈ సంగతి రాయాలి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవ కూడా శిక్షగా ఉంది. గుడి దగ్గర ఊడ్చి వచ్చినా అది శిక్షే, జైలుకు పోలేదు కదా అని వదిలేయొద్దు.

లోక్ అదాలత్ విషయంలో ఇంకో గందరగోళం ఉంది. లోక్ అదాలత్‌లో ముగిసిన కేసులన్నీ ఒక్క తీరుగా ముగియవు. ఎదుటి మనిషితో రాజీ రాసుకుంటే, ఆ సెక్షన్ రాజీకి వీలైనదైతే, చట్టప్రకారం అది నిర్దోషిగా విడుదలైనట్టే. అదే రోజు పక్క బెంచీలో నేరం ఒప్పుకొని తక్కువ జరిమానాతో ముగించుకున్నది మాత్రం శిక్షే. ఆ కాగితంలో ‘కాంపౌండెడ్’ అని ఉందా, ‘ప్లీడెడ్ గిల్టీ’ అని ఉందా చూసుకోవాలి. కొట్లాట కేసుల్లో ఎదుటివాళ్లతో ఊళ్లోనే మాట కుదిరి ఉంటుంది. అయినా త్వరగా తెమిలిపోతుందని ఒప్పుకోలుకు పోతారు. ఉద్యోగాలకు చదువుతున్న పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క తేడా ముందే తెలిస్తే చాలు, వాళ్ల దారి వేరేగా ఉంటుంది. వకీలును అడగాల్సిన మొదటి మాట ‘ఎంత కట్టాలి’ అని కాదు, ‘ఇది రాజీకి వస్తుందా’ అని.

శిక్ష పడితే ఉద్యోగం పోయినట్టేనా

కాదు. అలాగని హక్కుగా వచ్చేదీ కాదు. ఈ మొత్తం వ్యవహారానికి ఇప్పటికీ ఆధారం 2016 జూలై 21న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల బెంచి అవతార్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు. దాన్ని ఆఫీసుల్లో అమలుచేసే తీరు ఇట్లా ఉంటుంది.

చిన్న వయసులో నినాదాలు చేసిన కేసు లాంటి స్వల్ప విషయం అయితే, అది దాచినా సరే, యజమాని తన విచక్షణతో చూసీచూడనట్టు వదిలేయొచ్చు. స్వల్పం కాని నేరంలో శిక్ష పడి దాన్ని దాస్తే ఎంపిక రద్దు చేయొచ్చు, ఉద్యోగంలో చేరి ఉంటే తీసేయొచ్చు. అన్నీ నిజమే రాసినా, ఆ నేరం ఆ పోస్టుకు తగదనుకుంటే తీసుకోమని యజమానిని బలవంతం చేయలేం. స్వల్పమైన కేసు కోర్టులో నడుస్తుండగా దాన్ని నిజాయితీగా రాస్తే, తీసుకోవచ్చు. చాలా కేసులుండి కావాలని దాస్తే, ఆ దాపరికానికే బరువెక్కువ. కన్ఫర్మ్ అయిన ఉద్యోగిని దాచాడన్న కారణంతో తీసేయాలంటే శాఖాపరమైన విచారణ జరపాలి. ఫారంలో అడగని దాన్ని చెప్పలేదని దాపరికం కింద పట్టుకోకూడదు. ఆ సంగతి మనిషికి తెలిసి ఉందని తేలకుండా దాచాడనడం కూడా కుదరదు.

ఈ చివరి రెండూ మన వైపు పిల్లలకు చాలా అక్కరకొస్తాయి. ఊరి గొడవలో ‘మరికొందరు’ అని ఎఫ్ఐఆర్‌లో రాసి, తర్వాత చార్జిషీటులో పేరు చేర్చి, సమన్లు ఇంటికి రాని కేసులు ఉంటాయి. అభ్యర్థికి తెలియనే తెలియదు. అట్లాంటప్పుడు సమన్లు అందిన తేదీ, కోర్టులో మొదటిసారి హాజరైన తేదీ ఉన్న డాకెట్ (కోర్టు వాయిదాల నమోదు) నకలు బంగారంతో సమానం. అయితే తెలియకపోయినా కేసు తీవ్రతను బట్టి యజమాని వద్దనే అవకాశం ఉంటుందని అదే తీర్పు చెప్తోంది.

ఆ తర్వాతి తీర్పుల్లో కొన్ని అభ్యర్థి వైపు మొగ్గాయి. 2022 మేలో పవన్ కుమార్ కేసులో రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్‌కు, 2024 ఫిబ్రవరిలో రవీంద్ర కుమార్ కేసులో ఉత్తరప్రదేశ్ పోలీసు అభ్యర్థికి ఊరట దొరికింది. దాచాడు కాబట్టి తీసేశాం అని యాంత్రికంగా రాస్తే చెల్లదన్నది వాటి సారం. ఇంకోవైపు 2021లో మేథు మేదా కేసులో, నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన సీఐఎస్‌ఎఫ్‌లో చేర్చుకోవాలన్న హక్కు రాదని అదే కోర్టు అంది. కాబట్టి ఎవరైనా ఒక తీర్పు చూపించి ‘నీకు ఢోకా లేదు’ అంటే నమ్మొద్దు. పోస్టును బట్టి కొలత మారుతుంది. యూనిఫాం ఉన్న చోట, ఆయుధం ఉన్న చోట, రక్షణ పరిశోధన, అణుశక్తి లాంటి సంస్థల్లో కొలత గట్టిగా ఉంటుంది. జూనియర్ అసిస్టెంట్ పోస్టుకు అదే కేసు అడ్డం కాకపోవచ్చు.

కేంద్ర సాయుధ బలగాల కోసం హోంశాఖ 2012 ఫిబ్రవరి 1న విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. తీవ్రమైన నేరం, నైతిక పతనం (మోసం, దొంగతనం లాంటి నీతిమాలిన పని) కిందికి వచ్చే నేరంలో చార్జిషీటు పడి, సాక్షులు ఎదురుతిరగడం వల్లో అనుమానం మేలు (బెనిఫిట్ ఆఫ్ డౌట్) కింద విడుదలైతేనో సాధారణంగా తగినవాడు కాదంటారు. అందుకే తీర్పు ఆఖరి పేజీలో ‘అనుమానం మేలు కింద’ అని ఉందా, ‘ఆరోపణకు ఏ ఆధారమూ లేదు’ అని ఉందా అన్నది ఇక్కడ ప్రాణప్రదం. వాదన జరిగే రోజుల్లోనే ఈ అవసరం వకీలుకు చెప్పి ఉంచాలి. తీర్పు వచ్చాక ఆ వాక్యాన్ని మార్పించడం చాలా కష్టం.

18 నిండక ముందు జరిగిన నేరమైతే లెక్క వేరు. బాలల న్యాయ చట్టం, 2015లోని 24వ సెక్షన్ ప్రకారం దానివల్ల ఏ అనర్హతా రాదు, అప్పీలు గడువు ముగిశాక రికార్డు కూడా తీసేయాలి. 16 దాటి, ఘోరమైన నేరంలో పెద్దవాడిగా విచారించి శిక్ష వేస్తే మాత్రం ఈ రక్షణ ఉండదు. పదో తరగతి మెమోలోని పుట్టినతేదీని, నేరం జరిగిన తేదీని పక్కపక్కన పెట్టి చూసుకోండి. కోర్టుకు పోయిన తేదీ కాదు, జరిగిన తేదీ.

పెద్దయ్యాక పడిన శిక్షను కొన్నేళ్ల తర్వాత తుడిచేసే సాధారణ చట్టం మన దేశంలో లేదు. ఇంటర్నెట్‌లో కనిపించే ‘ఎక్స్‌పంజ్’ మాటలన్నీ బయటి దేశాల సంగతి. ఇక్కడ ఉన్నది 1958 నాటి ప్రొబేషన్ చట్టం. దాని 3, 4 సెక్షన్ల కింద మందలించో, బాండు రాయించుకొనో వదిలేస్తే, 12వ సెక్షన్ వల్ల శిక్షతో అంటుకొచ్చే అనర్హత అంటదు. నేరం రుజువైన సంగతి మాత్రం పోదు. ఫారంలో రాయాల్సిందే. అప్పీలు వేశాం కదా అనుకునేవాళ్లకు కూడా ఒక మాట: పైకోర్టు శిక్షను సస్పెండ్ చేయడం వేరు, నేర నిర్ధారణ మీద స్టే ఇవ్వడం వేరు. బెయిలుతో పాటు వచ్చేది మొదటిది. అది చూపించి శిక్ష లేదనడం తప్పు.

ఉద్యమ కేసుల సంగతి తరచూ అడుగుతారు. తెలంగాణ ఉద్యమ కాలపు కేసుల్ని రాష్ట్ర ప్రభుత్వం పెద్ద ఎత్తున ఉపసంహరించుకుంది. కానీ జీవో ఒక్కటే చాలదు, ప్రాసిక్యూటర్ కోర్టులో అర్జీ పెట్టి మేజిస్ట్రేట్ ఒప్పుకున్న ఉత్తర్వు కావాలి. అభియోగాలు మోపాక ఉపసంహరిస్తే అది నిర్దోషిగా విడుదల, ముందే అయితే డిశ్చార్జి. రైల్వే చట్టం కేసులు ఆ లెక్కలో వాటంతట అవి పోవు. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగిన అగ్నిపథ్ గొడవలో మన జిల్లాల పిల్లలూ ఉన్నారు. ఆ రోజుల్లోనే సైన్యం చెప్పింది, విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ రాసివ్వాలి, పోలీసు విచారణ అందరికీ ఉంటుందని. అక్కడ కేసులో పేరున్నవాళ్లు సైన్యం దరఖాస్తుకు ముందు కేసు తేల్చుకోవడమే దారి.

పాస్‌పోర్టు, పీసీసీ

ఈ భాగం సేవ నిజంగా మెరుగ్గా ఉంది. పాస్‌పోర్టుల చట్టం, 1967లో 6(2) సెక్షన్ స్పష్టంగా గీత గీసింది. దరఖాస్తుకు ముందు ఐదేళ్లలో నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో 2 ఏళ్లకు తగ్గని జైలుశిక్ష పడితే నిరాకరిస్తారు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే నిరాకరిస్తారు. పేకాటలో జరిమానా కట్టినవాడు ఈ గీతకు ఇవతలే ఉంటాడు. ఆన్‌లైన్ ఫారంలో ప్రశ్న కూడా ఐదేళ్లు, రెండేళ్లు అనే అడుగుతుంది కాబట్టి ‘కాదు’ అనడం నిజమే అవుతుంది. అదే మనిషి, అదే కేసు, ఉద్యోగం ఫారంలో మాత్రం ‘అవును’. ఈ రెండూ కలిపేసుకొని, పాస్‌పోర్టు వచ్చింది కాబట్టి నా రికార్డు క్లీన్ అనుకోవడం పొరపాటు.

ఒట్టి ఎఫ్ఐఆర్ ఉంటే కేసు నడుస్తున్నట్టు కాదు. కోర్టు కేసును విచారణకు తీసుకున్నాకే ఆ నిషేధం వర్తిస్తుందని విదేశాంగ శాఖ 2019 అక్టోబర్ 10న ఇచ్చిన మెమోలో తేల్చింది. కేసు నిజంగానే కోర్టులో ఉంటే, 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ దారి చూపుతుంది: ఆ కోర్టు నుంచి అనుమతి ఉత్తర్వు, పిలిచినప్పుడు హాజరవుతానని రాతపూర్వక హామీ. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, దానివల్ల ఏటా మళ్లీ కోర్టు చుట్టూ తిరిగేవాళ్లున్నారు. ఉత్తర్వులో ఎన్నాళ్లకో రాయకపోతే పాస్‌పోర్టు ఒక్క ఏడాదికే ఇస్తారు. కాబట్టి పిటిషన్‌లోనే ‘పదేళ్ల కాలానికి’ అని అడిగించండి. ‘అభ్యంతరం లేదు’ అని మాత్రం రాసిన ఉత్తర్వుతో సంతోషపడి రావొద్దు. అబద్ధం చెప్పి తీసుకుంటే 2 ఏళ్ల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ, పాస్‌పోర్టు స్వాధీనం అదనం.

పీసీసీకి రుసుము 500 రూపాయలు. 2022 సెప్టెంబర్ 28 నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లోనూ తీసుకుంటున్నారు కాబట్టి వరంగల్‌వాళ్లు దీని కోసం హైదరాబాద్ పోనక్కర్లేదు. ఒరిజినల్ పాస్‌పోర్టు, దాని మొదటి రెండు, చివరి రెండు పేజీల జిరాక్స్, ఇప్పుడు ఉంటున్న చిరునామా రుజువు పట్టుకుపోవాలి. సౌదీ 2022 నవంబర్ నుంచి భారతీయులను దీన్ని అడగడం మానేసింది, ఏజెంటు దాని పేరున డబ్బులు అడిగితే ఎందుకని నిలదీయండి. అయితే పీసీసీకి రెండేళ్ల శిక్ష గీత పనిచేయదు. అది మీ మీద ప్రతికూల సమాచారం లేదని చెప్పే కాగితం. పాస్‌పోర్టుకు అడ్డురాని చిన్న శిక్ష కూడా ఇక్కడ రిపోర్టులోకి ఎక్కొచ్చు. కేసు ముగిసిందని చూపే తీర్పు నకలు ఎంక్వైరీ రోజే కానిస్టేబుల్‌కు ఇచ్చి, ఇచ్చినట్టు రాయించుకోవాలి.

అమెరికాలో స్థిరపడిన వరంగల్ కుటుంబాలు ఎక్కువే కాబట్టి ఒక మాట. అక్కడి ఫెడరల్ సెక్యూరిటీ క్లియరెన్స్ ఆ దేశ పౌరులకు సంబంధించింది, ఎస్‌ఎఫ్-86 అనే ఫారం మీద నడుస్తుంది. అక్కడా శిక్ష కంటే దాపరికమే ఎక్కువ కొంప ముంచుతుంది, కోర్టు రికార్డు మూసేసిన కేసుల్ని కూడా అడుగుతారు. ట్రాఫిక్ జరిమానా 300 డాలర్లలోపైతే రాయనక్కర్లేదు, మద్యం, మత్తుమందులు కలిసి ఉంటే మాత్రం రాయాలి. ఏడాదికి మించిన శిక్ష పడి కనీసం ఏడాది జైల్లో ఉన్నవాళ్లకు అత్యంత రహస్య విభాగాల అనుమతి ప్రత్యేక మినహాయింపు లేకుండా రాదు.

ఎంక్వైరీ ఎక్కడ తప్పిపోతుంది

మన వైపు ఆలస్యాలకు ఒక పెద్ద కారణం జిల్లాల పేర్లు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ ముక్కలైంది, 2019లో ములుగు విడిపోయింది, 2021 ఆగస్టులో అర్బన్ హన్మకొండగా, రూరల్ వరంగల్‌గా మారాయి. పరకాల మనిషి ఆధార్‌లో వరంగల్ అనో వరంగల్ రూరల్ అనో ఉంటుంది, ఇప్పుడున్నది హన్మకొండ జిల్లాలో. వరంగల్, హన్మకొండ, జనగామ జిల్లాలు వరంగల్ కమిషనరేట్ కిందికి వస్తాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్‌లకు ఎస్పీలున్నారు. ఫారంలో పాత జిల్లా రాస్తే కాగితం వేరే యూనిట్‌కు పోయి తిరిగొస్తుంది. ప్రతి చిరునామా పక్కన ఇప్పటి జిల్లా, మండలం, పోలీస్ స్టేషన్ పేరు రాయండి. గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఉన్న ప్రతి చోటూ రాయాలి. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు ఉన్న హాస్టల్ కూడా అందులోకి వస్తుంది. అక్కడి ఠాణాకూ విచారణ పోతుంది, హాస్టల్ యజమానికి ముందే చెప్పి ఉంచాలి.

ఎంక్వైరీకి వచ్చినవాళ్లకు ఇవ్వాల్సిన రుసుమంటూ ఏమీ లేదు. అడిగితే ఏసీబీ నంబరు 1064. పాత కేసున్నవాళ్లే భయంతో ముందు జేబులో చెయ్యి పెడతారు. డబ్బుతో రిపోర్టు మారదు, ఎందుకంటే ఎఫ్ఐఆర్‌లు కంప్యూటర్‌లో ఉన్నాయి. మారాల్సింది ఒకటే: కేసు మొదలైన సంగతి కంప్యూటర్‌లో ఉండి, ముగిసిన సంగతి ఎక్కకపోవడం. ఆ లోటును పూడ్చేది మీ దగ్గరున్న తీర్పు నకలే.

ఫారానికి ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరుతో, ఠాణాతో, సంవత్సరంతో వెతికి 16 అక్షరాల సీఎన్‌ఆర్ (కేసు గుర్తింపు) నంబరు రాసుకోండి. పేరు వెతికేటప్పుడు ఇంటిపేరు ముందూ వెనకా మార్చి, ఇంగ్లిష్ స్పెల్లింగ్ రెండు మూడు తీర్లలో కొట్టి చూడాలి. పాత పెట్టీ కేసులు అందులో దొరక్కపోతే ఠాణాలో క్రైం నంబరు అడగాలి, చెప్పకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలతో దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు. 2022 జూన్ 2న కొత్త జిల్లా కోర్టులు వచ్చాక కొన్ని ఫైళ్లు కోర్టులు మారాయి, కాబట్టి తీర్పిచ్చిన కోర్టులో దొరకలేదంటే ఫైలు లేదని కాదు, ఏ కోర్టుకు పోయిందో రికార్డు విభాగంలో అడగాలి.

సర్టిఫైడ్ నకళ్లు కావాల్సినవి ఎఫ్ఐఆర్, చార్జిషీటు, తీర్పు లేదా రాజీ ఉత్తర్వు, జరిమానా కట్టిన రసీదు. ఒక్కోటి కనీసం రెండు సెట్లు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫైడ్ నకలు ఎవరికీ ఇచ్చేయొద్దు. వకీలు ఖర్చు భరించలేనివాళ్లకు కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100.

వివరాల గడిలో కథ రాయొద్దు. ‘క్రైం నంబరు ఇంత, ఫలానా ఠాణా, సంవత్సరం. గేమింగ్ చట్టం ఫలానా సెక్షన్. ఎస్‌టీసీ (కోర్టు కేసు) నంబరు ఇంత, ఫలానా మేజిస్ట్రేట్ కోర్టు. ఫలానా తేదీన నేరం ఒప్పుకోలుపై ఇంత జరిమానా, అదే రోజు చెల్లించాను. జైలుశిక్ష లేదు. తీర్పు నకలు జత చేశాను.’ ఇంతే. తప్పుడు కేసనీ, రాజకీయ కక్ష అనీ అక్కడ రాస్తే లాభం లేదు. ఆ మాటలకు చోటు షోకాజ్ నోటీసు జవాబులో ఉంటుంది. గడి చాలకపోతే ‘అనుబంధం చూడండి’ అని రాసి, అనుబంధం మీద కూడా సంతకం, తేదీ పెట్టాలి. ఇచ్చిన మొత్తం ఫారాన్ని ప్రతి పేజీ జిరాక్స్ తీసి, ఆఫీసు ముద్రతో రసీదు తీసుకోండి. ఏడాది తర్వాత మీరు ఏం రాశారన్నదే ప్రశ్న అవుతుంది.

ఇప్పటికే ‘కాదు’ అని రాసి ఇచ్చేసినవాళ్లు రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు. ఆఫీసుకు రాతపూర్వకంగా సవరణ పంపండి, రిజిస్టర్డ్ పోస్టులో. దొరికాక చెప్పినదానికీ దొరక్కముందు చెప్పినదానికీ తేడా ఉంటుంది.

రద్దు చేస్తూ ఉత్తర్వు వస్తే మొదట చూడాల్సింది అందులో కారణాలు రాశారా లేదా. నేరం ఏమిటి, అప్పుడు వయసెంత, ఎన్నేళ్లయింది, పోస్టు ఏమిటి అన్నవి తూచకుండా ‘కేసు ఉంది కాబట్టి తగడు’ అని ఒక్క ముక్కలో రాసి ఉంటే దాన్ని సవాలు చేయడానికి బలం ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ పౌర ఉద్యోగాలైతే క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) హైదరాబాద్ బెంచిలో, ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు. సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి బలగాలకు, రాష్ట్ర ఉద్యోగాలకు నేరుగా హైకోర్టులో రిట్. శిక్షణ బ్యాచ్ మొదలయ్యేలోపు వేస్తే ఒక పోస్టు ఖాళీగా ఉంచమని అడగొచ్చు. బ్యాచ్ అయిపోయాక గెలిచినా సీనియారిటీ దగ్గర మళ్లీ ఇంకో పోరాటం ఉంటుంది.